తవుడుకు కొన్న బిడ్డ

మొదట పోయినవి లెక్క చెబుతాను.

ఎద్దులు రెండు. ఒకదాన్ని బాగేపల్లి సంతలో తోలు ధరకు అమ్మారు, రెండోది మేత లేక కొట్టంలోనే పడిపోయింది. గొర్రెలు పదకొండు. మెట్టచేను నాలుగెకరాలు, తాకట్టుకు పోయి తిరిగి రాలేదు. ఇత్తడి బిందెలు మూడు, కంచు తళిగ ఒకటి, ముక్కుపుడక ఒకటి. కట్టుకున్నవాడు ఒకడు, బెంగుళూరులో మట్టిపని ఉందని పోయాడు, ఉత్తరం ముక్క లేదు. ఏడాది నిండకుండా పోయిన బిడ్డలు ముగ్గురు, అది కరువుకు ముందు సంగతి. కడపట నాలుగేండ్ల ఆడబిడ్డ ఒకటి.

ఇవన్నీ ఒకే ఇంట్లో పోయాయి. మొత్తం ఎంతని అడగకండి. వేరు వేరు జాతులను కలిపి కూడకూడదని నాకు లెక్క నేర్పిన మండీ పెద్దాయన చెప్పేవాడు. అందుకే ఆ వరస కింద నేను ఎన్నడూ గీత గీయలేదు. వాటిలో చాలావాటికి వాన రాకపోవడం కారణం. కడపటిదానికి నా కలం కూడా కారణం. కొత్తగా దస్తరాల ముందు కూర్చుంటున్న పిల్లలు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, నీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏదని. వాళ్ళు అడిగేది గెలిచిన కేసు. నా దగ్గర ఉన్నది ఇది.

నేను చదివింది నాలుగో క్లాసు. పన్నెండో ఏట చింతామణిలో ఒక శెనక్కాయల మండీలో మూటలు లెక్కపెట్టే పనికి చేరాను. ఎక్కాలు, సవా ఎక్కం, ఒంటిన్నర ఎక్కం, వడ్డీ కట్టడం అన్నీ ఆ మూటల మీద కూర్చునే నేర్చుకున్నాను. సేర్లు, మణుగులు పోయి కిలోలు వచ్చినప్పుడు ఊరంతా తికమకపడింది. నేను ఒక పెద్ద అట్ట మీద సేరు నుంచి పుట్టి దాకా కిలోల్లోకి మార్చి రాసి మండీ గోడకు తగిలించాను. పక్క మండీల వాళ్ళు కూడా వచ్చి చూసుకుని పోయేవారు. ఆ అట్ట వల్లనే నాకు తరువాత కరువు పనుల్లో రైటరు ఉద్యోగం వచ్చింది. దాని మీద నాకు అంత గర్వం లేకుండా ఉంటే బాగుండేదేమో.

అరవైల నడుమ మా పక్క వరసగా రెండేండ్లు వానలు పోయాయి. బాగేపల్లి తాలూకాలో మరీ. అప్పుడు కొందరు పెద్దలు కలిసి ఒక కరువు కమిటీ పెట్టి అక్కడక్కడా రోడ్డు పనులు మొదలుపెట్టారు. వాళ్ళ పేరు వద్దు. ఆఫీసు చిక్కబళ్ళాపురంలో, గింజల గిడ్డంగి చింతామణిలో. నన్ను వేసింది పరగోడు దాటి రెండు మైళ్ళ మీద వేస్తున్న మట్టిరోడ్డుకు. పని కంకర కొట్టడం, మట్టి మోయడం. పనికి వచ్చినవాళ్ళలో కూలివాళ్ళే కాదు, భూములున్న రైతుల ఇండ్ల ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు తెలిసినవాళ్ళు కనబడకుండా కొంగు ముఖం మీదకి లాక్కుని సుత్తి పట్టేవారు.

కూలి కాక, కమిటీ వాళ్ళు పిల్లల బత్యం అని ఒకటి పెట్టారు. పనిచేసేవాళ్ళ సొంత బిడ్డలకు, ఎనిమిదేండ్లు నిండనివాళ్ళకు, తలకు రోజుకు పావు కిలో ఎర్రజొన్నలు. శనివారం శనివారం వారానిదంతా ఒకేసారి తూచి ఇవ్వాలి. వారానికి కిలో ముప్పాతిక. చిన్న లెక్కే. కానీ ఆ గింజలు ఏం చేశాయో నేను కళ్ళారా చూశాను. బత్యం రాకముందు ఏడేండ్ల పిల్లలు కూడా తల్లుల పక్కన దొంగగా కంకర కొట్టేవాళ్ళు, తల్లి కుప్ప పెరగాలని. బత్యం మొదలైన నాలుగైదు వారాలకు ఆ చిన్న సుత్తులు కనబడకుండా పోయాయి. అంబలి మీది తేట తాను తాగి అడుగు పిల్లలకు పెట్టే తల్లులు, తామూ కాస్త అడుగు తినసాగారు. పిల్లలకు గింజలిస్తే తండ్రులు కాళ్ళు చాపుకుని పడుకుంటారని చిక్కబళ్ళాపురంలో ఒక పెద్దమనిషి అనేవాడట. నా హాజరు పుస్తకంలో అట్లాంటిదేమీ జరగలేదు. పని ఎగ్గొట్టిన రోజుకు బిడ్డ పావు కిలో కూడా పోతుంది కాబట్టి, జ్వరంతో కూడా వచ్చేవాళ్ళు.

బత్యం ముందుగా మొదలైన ఇంకో రోడ్డు మీద ఒక రైటరు ఉండేవాడు. లేని పిల్లలను పధ్నాలుగు మందిని రాసి వాళ్ళ జొన్నలు అమ్ముకున్నాడు. దొరికిపోయాడు. అందుకని నన్ను పంపేటప్పుడు సూపర్‌వైజరు కన్నడంలో గట్టిగా చెప్పాడు: తల్లి తన నోటితో నా బిడ్డ అని చెప్పి వేలిముద్ర వేస్తేనే రాయాలి. ఊహ పనికిరాదు, జాలి పనికిరాదు. ఒకసారి రాసినదాన్ని ఆఫీసు ఉత్తర్వు లేకుండా దిద్దకూడదు. నాకు ఆ మాటలు చెవికి ఇంపుగా తోచాయి. కొట్టివేతలు, దిద్దుబాట్లు లేని దస్తరం రాయాలని నాకు ముందు నుంచే ఒక పిచ్చి.

మా డేరాలో ఇంకొకడు తూకమాయన. జంగమకోటె మనిషి, పట్టుపురుగులు పెంచే ఇంటివాడు. మల్బరీ ఎండిపోయి పురుగులు చచ్చి, కాటా పట్టుకోవడానికి వచ్చాడు. నాకంటే పదేండ్లు పెద్ద. అందరూ నన్ను రైటరప్పా అని మర్యాదగా పిలిస్తే, ఆయన అదే మాటను ఎగతాళిగా సాగదీసి పిలిచేవాడు. పురుగులకు ఆకు తూచి వెయ్యరు, అవి తినేదాన్ని చూసి వేస్తారు అని ఎప్పుడూ అనేవాడు. నేను నవ్వేవాణ్ణి కాను.

పిల్లల పట్టీ రాసిన రోజు ఆడవాళ్ళంతా వరసలో వచ్చారు. ఎంతమంది పిల్లలు, పేర్లేమి, ఏండ్లెన్ని. తల్లి చెప్పేది, నేను రాసేది, వేలిముద్ర పడేది. వరసలో ముప్పై ఏండ్లు దాటని ఒకామె వచ్చింది. ఒకప్పుడు నాలుగెకరాల ఇల్లాలు. చంకలో ఒక పాప ఉంది. తల్లి ముక్కే, తల్లి నుదురే. జుట్టు పుట్టినప్పటి నుంచి కత్తెర ఎరగనట్టు చిక్కులు కట్టి భుజాల మీద పడుతోంది.

"బిడ్డలెంతమందమ్మా?" అన్నాను.

"నాకు బిడ్డలు లేరప్పా."

"చంకలో ఉండేది?"

"అవ్వ బిడ్డ. ఊరికే ఎత్తుకోనుండా."

మా పక్క పుట్టి పెరిగినవాళ్ళకు ఇందులో విప్పి చెప్పాల్సింది ఏమీ లేదు. ఇప్పటి పిల్లల కోసం చెబుతున్నాను. ఒక తల్లికి పుట్టిన బిడ్డలు వరసగా పోతుంటే, మళ్ళీ పుట్టిన బిడ్డను చేటలో వేసి పెంటదిబ్బ మీద పెడతారు. పొరుగింటి ముసలమ్మ ఎవరో వచ్చి చేటెడు తవుడు తల్లికి ఇచ్చి ఆ బిడ్డను కొనుక్కుంటుంది. ఆనాటి నుంచి బిడ్డ కొన్నామెది. పాలిచ్చేదీ పెంచేదీ తల్లే, కానీ నాది అని నోటితో అనకూడదు. అంటే మృత్యువు విని వస్తుందని. బిడ్డ గట్టిపడ్డాక దేవుడికి పుట్టువెంట్రుకలు ఇచ్చి, ఆ ముసలమ్మకు చీరా రవికా పెట్టి మళ్ళీ తెచ్చుకుంటారు. ఈమె చిక్కబళ్ళాపురం దగ్గరి నంది ఊళ్ళో దేవుడికి మొక్కుకుంది. మూడో ఏట పోవాల్సింది. బస్సు ఖర్చు, మంగలికి, చీరకు, పదిమందికి అన్నానికి ఏదీ లేక రెండు శివరాత్రులు దాటిపోయాయి. చేతిలో కాసు లేనందువల్ల ఆ బిడ్డ ఇంకా ఆమెది కాలేదు.

ఇది నాకు తెలియదని కాదు. ఆ జుట్టు చూడగానే తెలిసింది. మా చిన్నమ్మ కొడుకొకణ్ణి అట్లాగే కొన్నారు. అయినా రూలు ప్రకారం పోదామని అవ్వను పిలిపించాను. నడుము వంగిన మనిషి. పని చేసే ఓపిక లేదు కాబట్టి ముసలివాళ్ళ పట్టీలో ఆమెకు సగం కూలి గింజలు వస్తున్నాయి. పాప ఎవరిదని అడిగితే నోరంతా తెరిచి నవ్వింది.

"నాదేనప్పా. చేటెడు తవుడు పెట్టి కొంటిని. రాసుకో."

రాసుకోవడానికి లేదని చెప్పాను. బత్యం పనిచేసేవాళ్ళ బిడ్డలకే. నువ్వు పనిలో లేవు కాబట్టి నీ బిడ్డకు రాదు అన్నాను. పనిచేసే ఆమెకు బిడ్డ లేదు. బిడ్డ ఉన్న ఆమెకు పని లేదు. తూకమాయన కాటా పక్క నుంచి అంతా వింటున్నాడు. ఆ తల్లి పేరు కింద రాసెయ్యమన్నాడు, ఆ ముక్కు చూస్తే గుడ్డివాడికి కూడా తెలుస్తుంది అన్నాడు. వేలిముద్ర ఎవరు వేస్తారని అడిగాను. బిడ్డలు లేరని ఆ తల్లి చేత వేలిముద్ర వేయించుకుని, ఆమె పేరుకు ఎదురుగా, పిల్లల గడిలో, స్కేలు పెట్టి ఒక అడ్డగీత గీశాను. చాలా తిన్నగా వచ్చింది.

ఆ తరువాత వారాల్లో నేను ఆ పాపను చూస్తూనే ఉన్నాను. మిగతా పిల్లలతో తుమ్మచెట్టు నీడలో కూర్చునేది. శనివారం తల్లులు బత్యం కొంగుల్లో పోయించుకుని పిల్లలను వెంట తీసుకుపోతుంటే, ఆ పాప ఇద్దరి మధ్య చేరి అటొక చేయీ ఇటొక చేయీ పట్టుకుని నడిచేది. అవ్వ తన సగంలో పెట్టేది, తల్లి తన కూలిలో పెట్టేది. ఒక మనిషి కూలితో ఒక మనిషి బతకవచ్చునని కమిటీ లెక్క కట్టింది. అది సరైన లెక్కే. ఒక మనిషికి.

మా డేరాలో జొన్నలు తాటిపట్టా మీద పోసి తూచేవాళ్ళం. కాటా ఎత్తి దించేటప్పుడు కొన్ని గింజలు పట్టా దాటి మట్టిలో పడేవి. వారమంతటికీ మూటల మొత్తానికి, ఇచ్చిన మొత్తానికి కిలో, ఒక్కోసారి కిలోన్నర తేడా వచ్చేది. ఏడు వారాలు చూశాను. తేడా నాకు పంటి కింద రాయిలా ఉండేది. ఎనిమిదో శనివారం నేనే చీపురు పట్టుకుని చుట్టూ ఊడ్చి, జల్లెడ పట్టించి, ఆ గింజలు తూచి మళ్ళీ మూటలో పోయించాను. దస్తరంలో ఊడ్పు అని కొత్త గడి పెట్టాను. లెక్క సరిగ్గా కుదిరింది. ఆ గురువారం సూపర్‌వైజరు తనిఖీకి వచ్చి ఆ గడి చూసి, తక్కిన రోడ్ల రైటర్లందరికీ చూపించాలని దస్తరాన్ని చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. ఇలాంటి మనుషులు పదిమంది ఉంటే చాలన్నాడు.

ఆయన జీపు పోయాక తూకమాయన నా దగ్గరికి వచ్చాడు.

"ఊడ్పుకు కూడా దస్తరం తెరిస్తివి రైటరప్పా. ఇంగ చీమలకొకటి తెరువు. అవి కూడా మోసుకోని పోతాండాయి."

ఎగతాళి ఆయనకు అలవాటే కదా అని ఊరుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన నాతో పనికి తప్ప మాట్లాడడం మానేశాడు. ఎందుకో అడగాలని నాకు తోచలేదు.

పధ్నాలుగో శనివారం ఆమె వరసలో రాలేదు. అందరూ పోయాక వచ్చి డేరా గుంజ పట్టుకుని నిలబడింది. చంకలో పాప తల తల్లి మెడ మీద వాలి ఉంది. పాప కాళ్ళు మడమల దగ్గర వాచి నున్నగా ఉన్నాయి. ఏం కావాలమ్మా అన్నాను. చుట్టూ చూసింది. తరువాత పాప ఒక చెవిని తన మెడకు అదిమి, రెండో చెవిని అరచేతితో మూసింది.

"నాదేనప్పా," అంది. "ఈ బిడ్డ నాది. నా కడుపున పుట్టింది. రాసుకో."

ఆమె గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, నేను ముందుకు వంగి వినాల్సి వచ్చింది. ఆమె ఏ ధర చెల్లించి ఆ మాట అందో నాకు తెలుసు. అయినా నేను అడిగింది ఏమిటో చెబుతాను, సిగ్గుతోనే. పధ్నాలుగు వారాలు లేదని ఇప్పుడు ఉందంటే ఎట్లా తల్లీ, అని అడిగాను. ఆమె నేల చూసింది. నేను అర్జీ కాగితం తీసి, ఆమె చెప్పిందంతా పొందిగ్గా రాసి, వేలిముద్ర వేయించుకున్నాను. ఉత్తర్వు వచ్చాక ఇస్తానని చెప్పాను. అప్పటిదాకా, అంది ఆమె. అప్పటిదాకా ఏమీ చేయడానికి లేదన్నాను.

ఆమె పోయాక తూకమాయన కాటా పళ్ళాలు తుడుస్తూ, నా వైపు చూడకుండా చెప్పాడు. మొదటి వారం నుంచి ఆయన ఊడ్పు గింజలను మట్టితోనే గుడ్డలో కట్టి ఆమెకు ఇస్తుండేవాడు. ఆమె వాగు చెలమలో కడిగి వండి పాపకు పెట్టేది. నేను గడి పెట్టిన వారం నుంచి అది ఆగిపోయింది. నాతో అప్పుడే చెప్పి ఉండకూడదా అన్నాను.

"చెప్పింటే ఏమి సేసుందువు? నన్ను దొంగల గడిలో రాసుందువు."

అబద్ధం కాదు. రాసి ఉండేవాణ్ణి.

ఇక్కడ మీరు అడగవచ్చు, నీ జేబులో జీతం లేదా అని. ఉంది. పరగోడులో రూపాయికి గింజలు దొరికేవి, ప్రియమైనా దొరికేవి. ఆ సాయంత్రం ఆ మాట నాకు తట్టనే లేదు. నాకు తట్టిందల్లా అర్జీ ఎంత తొందరగా పోతే అంత మంచిదని. అది కూడా ఆఫీసుకు పోయే మామూలు కాగితాల కట్టతో బుధవారం పంపాను. శనివారమే నేను బస్సెక్కి చిక్కబళ్ళాపురం పోయి ఉండవచ్చు. బస్సు చార్జీ ఏ పద్దు కింద రాయాలో తెలియక పోలేదు. ఇది రాయడానికి నాకు చేయి రావడం లేదు, కానీ నిజం.

జవాబు తొమ్మిది రోజులకు వచ్చింది. మొదట బిడ్డ లేదని వేలిముద్ర, ఇప్పుడు ఉందని వేలిముద్ర, రెంటిలో ఏది నిజమో ఊరి లెక్కలు రాసే శానుభోగుల దాఖలా జత చేయమని. వాళ్ళదీ తప్పనలేను, పధ్నాలుగు మంది లేని పిల్లల సంగతి వాళ్ళు మరువలేదు. శానుభోగులు బాగేపల్లిలో ఏదో పని మీద ఉన్నాడు. ఊరికి వచ్చాక ఆయన తన పుస్తకం తీసి చూస్తే, పాప పుట్టుక అందులో లేనే లేదు. పుట్టింది ఎవరికీ వినపడకూడదని రాయించలేదట. చివరకు నలుగురి సాక్ష్యం తీసుకుని రాసిచ్చాడు. ఆ కాగితం నేను ఈసారి చేత్తో పట్టుకుని బస్సెక్కి చిక్కబళ్ళాపురం పోయి ఇచ్చి వచ్చాను. సూపర్‌వైజరు చదివి, మంచి పని చేశావు, ఈ వారంలో ఉత్తర్వు వస్తుందన్నాడు.

పదిహేడో శనివారం వరసలో ఆమె ఉంది, పాప లేదు. అవ్వ దగ్గర పడుకుని ఉందని చెప్పింది. ఆ రోజు నేను నా డబ్బుతో కొన్న రెండు కిలోల రాగులు ఒక సంచిలో కట్టి తెచ్చాను. ఆమె తీసుకుంది. మంగళవారం పొద్దున ఆమె పనికి రాలేదు. మధ్యాహ్నానికి తెలిసింది. రెండు రోజులుగా పాప ఏది పెట్టినా నిలుపుకోలేదట. రాగులు ఇంకా సంచిలోనే ఉన్నాయి.

శనివారం ఆమె పనికి వచ్చింది. బిడ్డ పోయిన నాలుగో రోజు. రాకపోతే ఆ వారం కూలి లేదు. అదే రోజు కట్టలో ఉత్తర్వు కూడా వచ్చింది: ఒక బిడ్డను చేర్చుకోవడమైనది, ఉత్తర్వు తేదీ నుంచి బత్యం ఇవ్వవలసినది.

ఆమెను డేరాలోకి పిలిచాను. తూకమాయన బయటికి పోబోతే ఉండమన్నాను. ఆమె మనసులో ఏముందో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆమె రోజంతా అదే అనుకుంటోందని అవ్వ చెప్పింది. నోరు జారి నాది అన్నందుకు బిడ్డ పోయిందని. అది కాదని చెప్పాలని నేను రాత్రంతా కూడదీసుకుని వచ్చాను. నీ మాట వల్ల కాదమ్మా అన్నాను. మొదటి రోజే నేను రాసి ఉంటే వారానికి ఇంత వచ్చి ఉండేది, ఇన్ని వారాలకు ఇంత, ఆ పైన ఊడ్పు ఆపింది కూడా నేనే, అని వేళ్ళు మడిచి లెక్క చెప్పాను. కాగితం మీద కూడా వేసి చూపించాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఎవరికీ లెక్క చెప్పలేదు.

ఆమె చివరిదాకా వింది. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. తెచ్చుకున్నా బాగుండేది.

"నీ లెక్క నాకు తెల్దప్పా. పదమూడు వారాలు ఆకలితో ఉండె, బతికుండె. నాది అంటిని, మూడు వారాల్లో పాయె."

ఆమె లెక్క కూడా తప్పు లేకుండా ఉంది.

తరువాత ఆమె బల్ల మీద తెరిచి ఉన్న దస్తరాన్ని చూసింది. ఉత్తర్వు రాగానే, అలవాటు చొప్పున, నేను ఆమె పేరు ఎదుట పాప పేరు చేర్చి ఉంచాను. అదేనా నా బిడ్డ కత అని అడిగింది. అవునన్నాను. నా వేలిముద్ర దానికే కదా అంది. అవునన్నాను.

"కొట్టెయ్యప్పా. నాది కాదని రాయి. అవ్వ బిడ్డగానే పోనీ. ఆడన్నా దాన్ని ఎవురూ నా బిడ్డ అని పిలిచి పట్టుకోకుండా పోనీ."

రూలు నాకు తెలుసు. ఉత్తర్వు లేకుండా కొట్టివేయకూడదు. తూకమాయన నా ముఖం వైపే చూస్తున్నాడు, ఈసారి ఎగతాళి లేదు. నేను కలం సిరాలో ముంచి, స్కేలు లేకుండా, ఆ పేరు మీద గీత గీశాను. గీత వంకరపోయి కింది గడిలోకి దిగింది. పక్కన, తల్లి కాదు, అని రాశాను. ఆమెకు చదువు రాదు, కానీ గీతను చాలాసేపు చూసింది. తరువాత కొంగు నెత్తి మీదికి లాక్కుని కూలి వరసలోకి పోయింది.

గురువారం తనిఖీలో ఆ కొట్టివేతకు నన్ను సంజాయిషీ అడిగారు. ఉత్తర్వు తెచ్చుకున్న బిడ్డనే ఎందుకు కొట్టేశావు, ఆ గింజలు ఎటు పోయాయి అని. గింజలు ఎటూ పోలేదు, మూటలోనే ఉన్నాయని చూపించాను. నమ్మారో లేదో తెలియదు. నెల తిరక్కముందే నన్ను గిడ్డంగి పనికి మార్చారు. ఊడ్పు గడి మాత్రం మిగతా రోడ్లలో కూడా పెట్టారని విన్నాను. దాన్ని ఆపమని రెండుసార్లు అర్జీ రాశాను. తూకమాయన, నేను పోయేరోజు, బస్సు దాకా నా పెట్టె మోసుకొచ్చాడు. పోయి రా అబ్బయ్యా అన్నాడు. రైటరప్పా అనకుండా నన్ను పిలవడం అదే మొదలు.

తరువాతి ఏడాది వానలు పడ్డాయి. రోడ్డు పనులు ఆగిపోయాయి. నేను మళ్ళీ మండీకి పోయి, అక్కడే ఈ మధ్య దాకా పని చేశాను. ఆ ఏడే పంట చేతికొచ్చాక, నా జీతంలో దాచి కొన్న జొన్నలు ఒక గోతాంలో వేసుకుని పరగోడు మీదుగా ఆ ఊరికి పోయాను. ఆ తల్లి ఇంటికి గొళ్ళెం వేసి ఉంది. మొగుణ్ణి వెతుక్కుంటూ బెంగుళూరు పోయిందన్నారు, యాడుండాదో ఎవురికి తెలుసు అన్నారు. అవ్వ ఇల్లు పక్కదే. అరుగు మీద గోతాం దించి, బిడ్డకు రావాల్సింది ఇది, నువ్వు కొన్నదానివి కాబట్టి నీకే ఇస్తున్నాను అన్నాను.

అవ్వ గోతాం మీద చేయి వేసి, గింజలు తడిమి, చేయి తీసేసింది.

"నా బిడ్డే అయితే, పన్లేని ముసిల్దాని బిడ్డకు బత్యం లేదని నువ్వే అంటివి గదప్పా. నా బిడ్డ కాదంటావా, అట్లయితే నాకెందుకు ఇస్తాండావు?"

ఆమె దెప్పడానికి అనలేదు. నిజంగానే అడిగింది. నేను చెప్పిన రూలునే ఆమె ఆనాటి నుంచి జాగ్రత్తగా గుర్తు పెట్టుకుంది. ఎక్కడ తప్పో నేను చెబుతానని కాసేపు నా నోటి వైపు చూసింది. తరువాత లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి, గోతాం భుజాన వేసుకుని బస్సు దారి పట్టాను.

ఇప్పుడు దస్తరాలు రాసే పిల్లలు నాకంటే చదువుకున్నవాళ్ళు. రూళ్ళు కూడా మారుతుంటాయి, బిడ్డకు ఇంత, తల్లికి ఇంత అని ఇంకా చాలా వస్తాయి. మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఎదురుగా బిడ్డ నిలబడి ఉంటే బిడ్డను రాయండి. ఎవరి బిడ్డ అన్నది తరువాత తేల్చుకోవచ్చు; తేలకపోయినా కొంప మునగదు.

ఆ కమిటీ ఎన్నడో మూతపడింది. దస్తరం ఏమయిందో తెలియదు. ఉన్నా అందులో ఆ పేరు మీద గీత ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ రావాల్సింది లేదని చూపిస్తుంది. కాబట్టి ఈ లెక్క ఇప్పుడు నా దగ్గర తప్ప ఎక్కడా లేదు. శనివారాలు పదిహేడు. వారానికి కిలో ముప్పాతిక. తూకమాయన ఊడ్చి ఇచ్చింది ఇందులో తగ్గించలేదు, అది ఆయన పెట్టింది, నేను పెట్టింది కాదు. సంచిలో మిగిలిపోయిన రాగులూ తగ్గించలేదు, ఆ బిడ్డ అవి తినలేదు. ఇవ్వాల్సింది ఇరవై తొమ్మిది కిలోల ఏడువందల యాభై గ్రాములు.